పరిశీలనలో ఉంది

పళ్ళ డాక్టరు మా ఇంటికి రావడం అదే మొదటిసారి. నా పళ్ళ గురించి కాదు. అవి ఎప్పుడో చేతికొచ్చేశాయి. ఆయన ఉండే కాలనీ సంఘానికి ఈ ఏడాది ఆయనే అధ్యక్షుడు. కాలనీ మధ్యలో ఉన్న చిన్న పార్కులో స్టీలు బోర్డు ఒకటి పెట్టిస్తున్నారట. ముప్పై ఏళ్ళ కిందట ఆ స్థలమంతా గోల్ఫ్ క్లబ్బని కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియదు కాబట్టి, దాని చరిత్ర రెండు పేజీలు రాసిపెట్టమని అడగడానికి వచ్చాడు.

"మీరు ఆ క్లబ్ ఆఫీసులో ఇరవయ్యారేళ్ళు పనిచేశారట కదండీ. మీకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?" అన్నాడు.

"ఉండేవాళ్ళు. పోయారు" అన్నాను. నాకు పొగడ్త పడదు.

ఆయన మర్యాదకి నవ్వి, టీ తాగి, లేవబోతూ మళ్ళీ కూర్చున్నాడు. "ఇంకో సంగతండీ. ఎవరో తోటమాలి కలుపుమందు డబ్బా కడక్కుండా గడ్డికి కొట్టి మైదానం ఎండబెట్టేశాడట కదా. దాంతోనే క్లబ్ మూతపడిందట. ఆ ముచ్చట కూడా వెయ్యండి. చదివేవాళ్ళకి సరదాగా ఉంటుంది."

"ఎవరు చెప్పారు మీకు?"

"అందరూ అనుకునేదే కదండీ. మా కాలనీలో పాతవాళ్ళని ఎవర్నడిగినా ఇదే చెబుతారు."

ఆ తోటమాలి మా బావ. మా మేనత్త కొడుకు, తర్వాత మా అక్క మొగుడు. ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. అక్క పోయాక కూతురి దగ్గర ఉంటున్నాడు, మా ఇంటికి రెండు బస్టాపుల దూరంలో. ఆయన మనవరాలు ఆ పార్కుని ఆనుకుని ఉన్న బళ్ళోనే పాఠాలు చెబుతుంది. స్టీలు బోర్డు వందేళ్ళయినా చెక్కు చెదరదని డాక్టరు గర్వంగా చెప్పాడు. వందేళ్ళపాటు మా బావ తప్పు ఆ పార్కులో నిలబడి ఉంటుంది, దాని పక్కనుంచే ఆ పిల్ల రోజూ బడికి వెళ్ళాలి. నేను రాయనంటే ఆయన ఆ పాతవాళ్ళలో ఎవరిచేతో రాయించుకుంటాడు. అందుకని రాస్తానన్నాను. నెలాఖరుకల్లా కావాలని చెప్పి వెళ్ళిపోయాడు.

రాయడం నాకు కొత్త కాదు. బతుకంతా ఎవరో చెబుతుంటే రాసిందే. ఈసారి చెప్పేవాళ్ళు లేరు, అదీ బాధ.

క్లబ్ పుట్టినప్పుడు ఊరు ఇంకా అటు పెరగలేదు. బస్సులు వెనక్కి తిరిగే చోటు దాటాక అరవై ఎకరాల బీడు. ఇద్దరు డాక్టర్లు, ఒక బట్టల వ్యాపారి, కొందరు బ్యాంకు ఆఫీసర్లు కలిసి దాన్ని కొని తొమ్మిది గుంటల మైదానం చేసుకున్నారు. క్లబ్ ఇల్లంటే పెద్ద భవనమేమీ కాదు, రేకుల కప్పు వేసిన పొడవాటి గది. ఒక పక్క బూట్లు పెట్టుకునే ఇనప అరలు. తడి మేజోళ్ళ వాసన ఏ కాలంలోనూ వదిలేది కాదు. రెండో చివర నా గది, దానికో చెక్క కిటికీ. నేను పద్దెనిమిదేళ్ళకి ఆ కిటికీ వెనక కూర్చున్నాను. ఉద్యోగం ఇప్పించింది బావే.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి చిన్న గుంటలో పడెయ్యాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో పడేస్తే వాళ్ళు గొప్ప. గుంట చుట్టూ, ఒక పెద్ద ఇంటి వాకిలంత మేర, గడ్డిని రోజూ కత్తిరించి నున్నగా ఉంచుతారు. దాన్ని గ్రీన్ అంటారు. మిగతా మైదానం ఎలా ఉన్నా సర్దుకుంటారు గాని గ్రీన్ మీద గోరంత మచ్చ కనబడితే సభ్యులు ఒంటికాలి మీద లేచేవాళ్ళు. తొమ్మిది గుంటలు, తొమ్మిది గ్రీన్లు, తొమ్మిది జెండాలు.

ఒకేచోట అందరూ తొక్కితే గడ్డి చస్తుంది కాబట్టి గుంటని రోజూ జరపాలి. అది బావ పని. తెల్లవారకముందే లేచి, గుండ్రటి కత్తితో కొత్తచోట గుంట కోసి, అందులోంచి వచ్చిన మట్టిముద్దని గడ్డితో సహా పాత గుంటలో కూర్చేవాడు. నిన్నటి గుంట ఎక్కడుండేదో పొద్దున్న వచ్చినవాళ్ళకి కనబడకూడదు. కనబడిందని ఎవరైనా అంటే ఆ రోజు ఆయనకి ముద్ద దిగేది కాదు. అక్క విసుక్కునేది, "కట్టుకున్నదాని చీర ఏ రంగో తెలీదు గాని గడ్డిపోచ పక్కకి వాలితే తెలుస్తుంది" అని.

నా పని కార్డులు చూడటం. ఈ ఆటలో పక్కన నిలబడి తప్పులు పట్టే మనిషి ఉండడు. నీ దెబ్బలు నీతో ఆడేవాడు రాస్తాడు, వాడివి నువ్వు రాస్తావు. ఆట అయ్యాక ఇద్దరూ సంతకాలు పెట్టి నా కిటికీలో ఇవ్వాలి. ఉన్నదానికంటే తక్కువ రాసిన కార్డు మీద సంతకం పెట్టారా, పోటీలోంచి తీసేస్తాం. పొరపాటున ఎక్కువ రాసినదాని మీద పెట్టారా, ఆ ఎక్కువే ఖాయం. బట్టల వ్యాపారి ఒకసారి నా కిటికీ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నేను కొట్టింది ఐదేనమ్మా, వీడు ఆరని రాశాడు, నేను చూసుకోలేదు." పక్కవాడు కూడా ఐదేనని ఒప్పుకున్నాడు. అయినా సంతకం పడ్డాక మార్చేది లేదు. కప్పు ఇంకొకరికి పోయింది. నేను ఆ విషయంలో రాయిలా ఉండేదాన్ని, అలా ఉన్నందుకు మురిసిపోయేదాన్ని కూడా.

ఇక డబ్బాల సంగతి. రెండు చక్రాల మీద తోసుకుపోయే పెద్ద మందు డబ్బాలు బావ దగ్గర రెండుండేవి. ఎర్రదాంట్లో కలుపుమందు. అది కంకర బాటల మీద మొలిచే పిచ్చిమొక్కలకి. ఏ గడ్డి మీద పడినా ఆ గడ్డి బతకదు. నీలం దాంట్లో గ్రీన్లకి వేసే ఎరువు నీళ్ళు. ఎర్రది నీలందాని పక్కన నిలబెట్టడానికి కూడా ఆయన ఒప్పుకునేవాడు కాదు, షెడ్డులో ఇటు మూల ఒకటి, అటు మూల ఒకటి.

క్లబ్ మూతపడిన ఏడు ఎండాకాలం మొదట్లో నీలం డబ్బా అడుగు పగిలింది. అతుకు నిలవలేదు. కొత్తది కావాలని బావ పెన్సిలుతో రాసిచ్చాడు, నేను టైపు చేసి కార్యదర్శి బల్ల మీద పెట్టాను. కార్యదర్శి ఏ మాటకి ముందైనా రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు. బావ ఆయనకి సవరింపు అని పేరు పెట్టాడు. మేమిద్దరమే ఉన్నప్పుడు నేనూ అలాగే అనేదాన్ని.

ఆ వారమే ఐదుగురు కమిటీవాళ్ళు తలుపులు మూసుకుని కూర్చున్నారు. రాయడానికి నేను ఉండాలి కదా. ఇళ్ళు కట్టే కంపెనీ ఒకటి స్థలం అడుగుతోంది, ఇచ్చేద్దామని ఐదుగురూ అనుకున్నారు. కానీ నాలుగింట మూడొంతుల మంది సభ్యులు ఒప్పుకుంటే తప్ప అమ్మడానికి వీల్లేదు, అప్పటికి సగం మంది కూడా ఒప్పుకునేలా లేరు. వాళ్ళు దారికి వచ్చేదాకా మైదానానికి కొత్తగా ఏమీ కొనకూడదని, పనివాళ్ళకి ఈ మాట తెలియకూడదని రాయించారు. అందరూ లేచాక సవరింపు నా వైపు తిరిగి, "ఇది ఈ గది దాటకూడదమ్మా. నీ మీద నమ్మకంతోనే నిన్ను ఉండమన్నాం" అన్నాడు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ మాటకి నేను లోలోపల పొంగిపోయాను.

మూడోరోజు బావ కిటికీలోంచి తొంగిచూశాడు. "ఏమైంది టైపమ్మా నా డబ్బా?"

"పరిశీలనలో ఉంది బావా."

"అదేమన్నా నక్షత్రమా, దుర్బిను పెట్టి చూడ్డానికి? డబ్బాయేగా."

ఇద్దరం నవ్వాం. ఆయన ఇంకో మూడుసార్లు రాసిచ్చాడు. మూడుసార్లూ టైపు చేశాను. మూడుసార్లూ పరిశీలనలో ఉందన్నాను. ఈలోగా ఆయన ఉన్న ఒక్క డబ్బాతోనే రెండు పనులూ నెట్టుకొచ్చాడు. కలుపుమందు కొట్టాక దాన్ని మూడుసార్లు కడిగి, ప్రతిసారీ గొట్టంలోంచి నీళ్ళు పూర్తిగా వదిలేసి, అప్పుడు ఎరువు కలిపేవాడు. దానికి అరగంట పైన పట్టేది.

పెద్ద పోటీలకి ఎనిమిది రోజులుందనగా ఒక పొద్దున్న సవరింపు నన్ను పిలిచి, పదకొండింటికి అతిథులు వస్తున్నారు, బాటలన్నీ శుభ్రంగా ఉండాలి, ఆ సమయానికి గ్రీన్ల మీద పనివాళ్ళెవరూ కనబడకూడదని చెప్పాడు. ఆ అతిథులు స్థలం చూసుకోవడానికి వచ్చే కంపెనీవాళ్ళని నాకు తెలుసు. వెళ్ళి బావకి చెప్పాను. ఆయన అప్పటికి బాటలకి మందు కొట్టడం పూర్తిచేశాడు. పోటీల నాటికి గడ్డి నిగనిగలాడాలంటే గ్రీన్లకి ఎరువు పడాల్సింది ఆ రోజే, అదీ ఎండ నడినెత్తికి రాకముందే.

"పదకొండంటే కుదరదు" అన్నాడు. "డబ్బా కడగాలి. ఇంకో అరగంట ఇమ్మని అడుగు. నువ్వడిగితే కాదనడు."

లేచి వెళ్ళాను. సవరింపు గది తలుపు సగం తెరిచి ఉంది. ఆయన ఫోనులో ఆ కంపెనీవాళ్ళతోనే నవ్వుతూ మాట్లాడుతున్నాడు. గడప దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు నేను బావ తరఫున మాట్లాడితే, నా నోట్లోంచి ఏదో జారిందని అనుకుంటాడేమోనని భయమేసింది. ఆయన నన్ను చూడలేదు. నేను అడగకుండానే వెనక్కి వచ్చేశాను.

"కుదరదన్నారు బావా. కానియ్" అన్నాను.

బావ ఒక్కసారే కడిగాడు.

ఐదోరోజుకి గడ్డి పసుపెక్కింది. మొదటి డబ్బా నీళ్ళు పడిన మూడు గ్రీన్లూ మొత్తం పోయాయి. తర్వాతి రెండిటి మీద చారలు పడ్డాయి. మిగతా నాలుగూ పచ్చగానే ఉన్నాయి. ఆ చారలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి, చివర్లో డబ్బా తిప్పుకున్నచోట గుండ్రంగా వంపు తిరిగాయి. బావ నడక అంత తిన్నగా ఉండేది. ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ ఆగాడో, ఎక్కడ వెనక్కి తిరిగాడో ఎవరైనా చూసి చెప్పగలరు.

సభ్యులు చుట్టూ చేరారు. ఒకడు గడ్డి తెగులన్నాడు, ఇంకొకడు నీళ్ళు ఉప్పెక్కాయన్నాడు. బావ మోకాళ్ళ మీద కూర్చుని ఒక పోచ పీకి, వాసన చూసి, "తెగులు కాదండీ. నేనే" అన్నాడు. ఎవరూ అడగకముందే ఒప్పేసుకున్నాడు. మిగిలిన నాలుగు గ్రీన్ల నుంచి గడ్డి ముక్కలు కోసి నాటితే ఒక్క వానాకాలంలో అల్లుకుపోతుందని, తనకి ఆ ఒక్క కాలం ఇమ్మని సవరింపుని బతిమాలాడు.

సవరింపు గొంతు సవరించుకుని, "పరిశీలిద్దాం" అన్నాడు.

మర్నాడు నాకొక ఉత్తరం చెప్పి టైపు చేయించాడు. డబ్బా సరిగా కడగకపోవడం పూర్తిగా తన నిర్లక్ష్యమని, జరిగిన నష్టానికి తనదే బాధ్యతని బావ రాసిస్తున్నట్టు. నీలం డబ్బా మాట అందులో లేదు. నాలుగుసార్లు అడిగిన కాగితాల మాట లేదు. పదకొండు గంటల మాట లేదు. కిటికీలోంచి ఆ ఉత్తరం, దాని మీద పెన్ను నేనే బావ ముందుకి తోశాను. ఆయన చదవలేదు. నేను టైపు చేసింది ఇంక చదవడమెందుకనుకుని ఉంటాడు. నా కళ్ళముందే సంతకం పెట్టాడు. ఇరవయ్యారేళ్ళు కార్డులు చూసినదాన్ని, ఒక మనిషి తాను కొట్టినదానికంటే ఎక్కువకి సంతకం పెడుతుంటే నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ కార్డు రాసింది కూడా నేనే. కుక్కిన పేనులా కూర్చున్నాను.

సర్వసభ్య సమావేశంలో ఆ ఉత్తరం చదివారు. సభ్యులు మండిపడ్డారు. అంతకుముందు అమ్మొద్దని పట్టుబట్టినవాళ్ళే, ఇంక ఈ మైదానం బాగుపడదు, అమ్మేయండని చేతులెత్తారు. క్లబ్ అలా పోయింది.

పనిముట్ల షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు అక్కా బావలది. అక్క పెళ్ళయి వచ్చింది అక్కడికే, పిల్లని కన్నది అక్కడే. పదకొండు రోజుల్లో ఖాళీ చేయమన్నారు. సామాను బండి ఎక్కించాక అక్క తాళం చేతిలో పెట్టుకుని గుమ్మం ముందు నిలబడి, "ఇంకో రెండుసార్లు నీళ్ళు పోస్తే పోయేదేం ఉంది బావా" అంది. గొంతు పెంచలేదు. ఏడవలేదు. మళ్ళీ బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. తిట్టిపోసినా బాగుండేది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ గిన్నె ముట్టుకున్నా, ఏ గ్లాసు ముట్టుకున్నా, బావ మూడుసార్లు కడుగుతాడు. ఎవరైనా నవ్వితే తనూ నవ్వుతాడు, చెయ్యి మాత్రం ఆపడు.

నాకు ఆ ఇళ్ళ కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సవరింపు సిఫార్సు. కొత్త కుర్చీ, కొత్త టైపు మిషను. మూడో గ్రీన్ ఉన్నచోట లేచిన ఇళ్ళకి కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి. ప్రతి ఆదివారం పళ్ళు కొనుక్కుని అక్క వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అక్క మిషను కుడుతూ కబుర్లు చెప్పేది, బావ గోడవైపు తిరిగి పడుకునేవాడు. మొదట్లో చెప్పకపోవడం ఉద్యోగం పోతుందని. తర్వాత, ఇంతకాలం ఎందుకు దాచావంటే ఏం చెప్పాలని. ఇవాళ కాదు వచ్చే వారం అనుకుంటుండగానే అక్క జబ్బుపడింది. క్లబ్ పోయిన పదకొండేళ్ళకి అక్క పోయింది.

ఇదంతా నేను మొదటే రాసేశానని అనుకోకండి. మొదటి రెండు పేజీల్లో 'కొన్ని కారణాల వల్ల క్లబ్ మూతపడింది' అని రాశాను. చదువుకుంటే నాకే ఒళ్ళు మండింది. చించేశాను. రెండోసారి తప్పంతా సవరింపు మీదకి నెట్టాను. ఆయన పోయి చాలాకాలమైంది, వచ్చి కాదనలేడు. అదీ చించేశాను. మూడోసారి పైన చెప్పినదంతా రాశాను, అరగంట అడగకుండా వెనక్కి వచ్చిన సంగతితో సహా. రెండు పేజీలు కాస్తా ఏడయ్యాయి.

డాక్టరుకి ఇచ్చేముందు బావకి వినిపించాలి. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. కూతురు ఆస్పత్రి డ్యూటీలో ఉంది. ఆయన వంటగదిలో గ్లాసులు తుడుస్తున్నాడు.

"ఏంటి టైపమ్మా, చేతిలో కాగితాలు? మళ్ళీ ఏ సంతకం కావాలి?" అన్నాడు. ఆయన హాస్యానికే అన్నాడు.

కూర్చోబెట్టి చదివాను. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. గుంటలు జరిపే చోట ఆయన ముఖం విప్పారింది. "కత్తి అని రాశావు, బాగానే ఉంది. అది ఎంత లోతు దిగాలో కూడా రాయాల్సింది" అన్నాడు. తలుపులు మూసుకుని కూర్చున్న సమావేశం దగ్గరికి వచ్చేసరికి తుడిచే గుడ్డ పక్కన పెట్టేశాడు.

"అయితే డబ్బా రాదని నీకు ముందే తెలుసు" అన్నాడు, కాగితాలు మడిచాక.

"తెలుసు బావా."

"అరగంట అడగనే లేదు."

"అడగలేదు."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "ఆ రోజు ఎన్ని నీళ్ళు పోస్తే సరిపోయేవోనని ముప్పై ఏళ్ళు లెక్కేసుకున్నాను. రెండో కడుగుతోనే సరిపోయేదా, మూడోది కూడా కావాలా అని."

"తిట్టు బావా. నాలుగు పెట్టు."

"ఓపిక లేదు. పట్టుకెళ్ళి ఇచ్చెయ్ ఆ డాక్టరుకి. ఒక్క అక్షరం మార్చకు" అన్నాడు. "మంచి పని చేశావులే" అని కూడా అన్నాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఎన్నాళ్ళకో, రెండోసారి వడ్డించుకుని తిన్నాను. అంత తేలిగ్గా అయిపోయిందనుకున్నాను.

డాక్టరు ఏడు పేజీలూ చదివి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. పాపం, సరదా కోసం అడిగిన మనిషి. "ఇదంతా బోర్డు మీద పట్టదండీ. పైగా పోయినవాళ్ళ సంగతులు" అని నీళ్ళు నమిలాడు. ఆయనతో రెండుసార్లు పోట్లాడాను. చివరికి మూడు వాక్యాల దగ్గర రాజీపడ్డాం. సభ్యులకు చెప్పకముందే అమ్మకం నిర్ణయమైపోయిందని ఒకటి. కావలసిన పనిముట్లు అడిగినా ఇవ్వలేదని ఒకటి. ఆ మైదానాన్ని ముప్పై ఏళ్ళు పెంచి కాపాడిన మనిషి తప్పు వల్ల క్లబ్ పోలేదని మూడోది.

బోర్డు పెట్టిన మర్నాడు పొద్దున్నే బావని తీసుకెళ్ళాను. క్లబ్ పోయాక ఆయన అక్కడ కాలు పెట్టడం అదే మొదటిసారి. బస్సు ఆ వీధిలోకి తిరుగుతుంటే కూడా తల దించుకునేవాడని అక్క చెప్పేది. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పార్కులో ఒక ముసలాయన నడుస్తున్నాడు, ఇద్దరు ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. బావ బోర్డు ముందు నిలబడి, చిన్నపిల్లలు పాఠం చదివినట్టు వేలు కింద పెట్టుకుంటూ చదివాడు. మూడో వాక్యం రెండుసార్లు చదివాడు.

"బాగుంది" అన్నాడు. తర్వాత కర్ర మీద బరువు మోపి వంగి, కాళ్ళ దగ్గర గడ్డి చూశాడు. "కోసే మిషను మొద్దుబారింది. చివర్లు తెల్లబడ్డాయి చూడు. కోయడం లేదు, పీకుతున్నారు."

"డాక్టరుతో చెబుతాను."

"చెప్పు."

బెంచీ మీద కూర్చున్నాం. మాకు ఎదురుగా, కార్లు నేల కింది పార్కింగులోకి దిగే వాలు ఉంది. పనిముట్ల షెడ్డు, దాని వెనక రెండు గదుల ఇల్లు ఉన్నది అక్కడే. ఆయన చాలాసేపు అటే చూశాడు. నేను ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాను. తీసుకున్నాడు గాని తాగలేదు.

"మీ అక్కకి చెప్పావా?" అన్నాడు.

"లేదు బావా."

"ఒక్కసారి కూడా?"

"లేదు."

"పదకొండేళ్ళు వచ్చావు. ప్రతి ఆదివారం. చివర్లో దాని మంచం మీదే కూర్చునేదానివి, తల దువ్వేదానివి."

"అవును."

"నాదేముంది, ఎలాగోలా బతికేశాను. అది మాత్రం నా చేతులారా నేనే దాని ఇల్లు పోగొట్టానని అనుకుంటూ పోయింది. నాకు కాదు నువ్వు చెప్పాల్సింది. దానికి."

ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, లేవడానికి కదిలాడు. ఎప్పుడూ చేసినట్టే చెయ్యి అందించాను. ఆయన ఆ చెయ్యి చూసి, బెంచీ వీపు పట్టుకుని తనంతట తనే లేచాడు. గేటు వైపు నడిచాడు. నేను వెనకాల నడిచాను. బయట రోడ్డు మీద బళ్ళు వస్తూనే ఉన్నాయి, మేము చాలాసేపు అంచున నిలబడాల్సి వచ్చింది. రోడ్డు దాటేటప్పుడు కూడా ఆయన నా చెయ్యి పట్టుకోలేదు.